బ్యాటరీ పెట్టెలో వాక్కాయ చెట్టు

మొన్నొక ఆదివారం మా అపార్టుమెంటులో కొత్తగా దిగిన జంట మా ఇంటికి వచ్చారు. వచ్చింది నన్ను చూడడానికి కాదు, బాల్కనీలో ఉన్న వాక్కాయ చెట్టును చూడడానికి. విజయనగరంలో మా వీధిలో నాకంటే దానికే పలుకుబడి ఎక్కువ. రెండు జానల ఎత్తు, నా చేతికంటే లావైన మొదలు, కిందికి వాలిన నాలుగు కొమ్మలు, వాటినిండా ముళ్ళు, కాలం వస్తే తెల్లటి పూలు, ఆ తర్వాత గులాబిరంగు కాయలు. అమ్మాయి దాని చుట్టూ తిరిగి ఫోనులో ఫొటోలు తీసుకుంది. తర్వాత కాస్త నసుగుతూ అడిగింది. "ఆంటీ, మా అత్తయ్యగారు బోన్సాయ్ ఇంట్లో పెట్టొద్దంటున్నారు. చెట్టును ఎదగకుండా కట్టేస్తే ఇంట్లో పిల్లలు కూడా ఎదగరట. నిజమేనా?" ఆ అమ్మాయికి మూడో నెల. అడిగేసి నన్ను కిందినుంచి పైకి చూసింది. ఆ చూపు ఎంతోదూరం ప్రయాణం చెయ్యక్కర్లేదు, నేను నాలుగడుగుల ఎనిమిదంగుళాలే. పాపం నాలుక కరుచుకుంది. నాకు నవ్వొచ్చింది. జీవితమంతా లెక్కలు చెప్పినదాన్ని, నిరూపణ లేనిదే ఏదీ ఒప్పుకోను. "ఆ లెక్క మా ఇంట్లో ఎప్పుడో చేసి చూశాం తల్లీ, కూర్చో" అన్నాను. టీ చల్లారేలోపు వాళ్ళకు చెప్పింది కొంతే. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్న సాలూరులో లారీల కరెంటు పని చేసేవాడు. డైనమోలు, సెల్ఫు మోటార్లు, హారన్లు, బ్యాటరీలు, అన్నీ ఆయన చేతిమీదుగా పోవలసిందే. సాలూరులో ఇంటికో లారీ అనేవారు. లారీ లేనివాడు డ్రైవరో క్లీనరో మెకానిక్కో అయి ఉండేవాడు. మా ఇల్లంటే రెండు గదులూ, గచ్చు చేసిన చిన్న పెరడూ. అద్దె ఇల్లు కాబట్టి గచ్చు పగలగొట్టి మొక్క వేసే అధికారం మాకు లేదు. పొద్దున్నే ఆ ఇంట్లో మూడు వాసనలు కలిసి వచ్చేవి. అమ్మ రాగిపిండితో కలుపుతున్న చోడి అంబలి, నాన్న చొక్కాలోంచి ఎన్ని ఉతుకులకూ పోని కాలిన వార్నిషు, నాయనమ్మ చుట్ట. నాయనమ్మ అడ్డపొగ పీల్చేది. వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని, మామూలు కొస బయటికి ఉంచుకుని, ఆ నిప్పు నోట్లో ఉండగానే అమ్మను తిట్టగలిగేది, నాకు లెక్కలు అప్పజెప్పించుకోగలిగేది కూడా. ఆవిడకు చదువు రాదు గానీ ఎక్కాల్లో ఒక్క తప్పు పోనిచ్చేది కాదు.

అమ్మది రామతీర్థం దగ్గర ఒక పల్లె. వాళ్ళ నాన్న, అంటే మా తాత, వరి పండించే రైతు. ఇంటి చుట్టూ వాక్కాయ కంచె వేశాడు. పశువు దూరదు, దొంగ దూరడు, పైగా ఏటా పప్పులోకి కాయ. అమ్మ పుట్టకముందు వేసిన కంచె అది. తాత పోయాక మామయ్యలు ఇల్లు పంచుకుని మధ్యలోనూ చుట్టూ గోడ కట్టారు. కంచెను వేళ్ళతో సహా పెకలించి పొయ్యిలోకని ఒకచోట పోగేశారు. అప్పుడే పుట్టింటికి వెళ్ళిన అమ్మ ఆ పోగులోంచి మూడు మోళ్ళు ఏరి, వేళ్ళకు తడి గోనెగుడ్డ చుట్టి, సాలూరు తిరిగొచ్చే లారీ ఎక్కించుకుని వచ్చేసింది. నాయనమ్మ గుమ్మంలోనే నిలబెట్టింది.

"ఆడపిల్లకి పుట్టింటోలు సీర ఎట్టి పంపుతారు. మీవోలు కట్టెలిచ్చి పంపినారేటే, పైడీ?"

"కట్టెలు గావత్తా. మా అయ్య ఏసిన కంచె. ఆలు గోడ కట్టుకున్నారు, నాను నా వాటా తెచ్చుకున్నాను" అంది అమ్మ. అమ్మ పేరు పైడితల్లి. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు, మాట్లాడితే ఇలాగే మాట్లాడేది.

వాటా అయితే వచ్చింది గానీ పాతడానికి మట్టేది? నాన్న షెడ్డులో పాత లారీ బ్యాటరీల నల్లటి పెట్టెలు గుట్టగా ఉండేవి. ఒకదాన్ని హాక్సా బ్లేడుతో నాలుగంగుళాల ఎత్తుకు కోసి, లోపలి అడ్డగోడలు ఉలితో కొట్టేసి, అడుగున చిల్లులు పెట్టి తెచ్చాడు. వెడల్పుగా, లోతు లేకుండా, లోపల గంపెడు మట్టి కూడా పట్టని పళ్ళెం. మోడు అందులో పట్టాలంటే గునపాల్లాంటి వేళ్ళు సగానికి సగం కొయ్యాలి. వేళ్ళు అంత పోయాక పైనున్న కొమ్మలను మోసే శక్తి దానికి ఉండదని అమ్మకు ఎవరూ చెప్పలేదు. కానీ పొలం ఇంటి పిల్ల, నారు తీసినప్పుడు కొసలు తుంచి నాటడం చూసిన చేతులు. పైనా అంతే కోసేసింది. మాకు బోన్సాయ్ అనే మాట తెలియదు. చోటు లేక చేసిన పని అది.

మొదటి మోడు ఇరవై రోజులకే చచ్చిపోయింది. చిగురు వేసినట్టే వేసి, ఆకుల అంచులు మాడి, మట్టిమీద తెల్లటి పొర కట్టింది. నాన్న పెట్టెను రెండు బిందెల నీళ్ళతో కడిగి తెచ్చాడు. ఏళ్ళతరబడి యాసిడ్ తాగిన పెట్టెకు రెండు బిందెలు ఏ మూలకు? అమ్మ ఆ మోడును పట్టుకుని పెరట్లో కూర్చుండిపోయింది. నాన్న ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. లారీ కరెంటు పనివాడి ఇంట్లో తప్ప ఇంకెక్కడా జరగని తప్పు అది. మర్నాడు ఆయనే, తడి గోనెలో ఉంచిన మిగతా రెండు మోళ్ళ కోసం మరో రెండు పెట్టెలు కోసి, చాకలి సోడా నీళ్ళలో వారం రోజులు నానబెట్టాడు. బ్యాటరీ కొసలకు పట్టిన చిలుము వదిలించడానికి షెడ్డులో వాడే సోడాయే. ఆ తర్వాత అమ్మ కూడా బూడిద నీళ్ళు పోసి మరో వారం ఉంచింది. ఎవరి నమ్మకం వాళ్ళది. రెండో మోడు బతికి, మరుసటేడు ఎండకు పోయింది. మూడోది ఇప్పుడు నా బాల్కనీలో ఉన్నది.

కొమ్మలు వంచడం నాన్న తీగతో మొదలైంది. కాలిపోయిన డైనమోల్లోంచి తీసిన రాగి తీగను ఆయన మంటలో వేసి పైనున్న వార్నిషు కాల్చేసేవాడు. అలా కాలిన రాగి మెత్తబడుతుంది. ఎలా వంచితే అలా ఉండిపోతుంది. అమ్మ ఆ తీగను కొమ్మకు చుట్టి, రోజుకింత చొప్పున కిందికి వంచేది. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు గానీ, మా అమ్మ దగ్గర మానే వంగింది. వేళ్ళకు ముళ్ళు దిగి, కొమ్మల్లోంచి పాలు కారి, ఆ పాలు ఎండి చేతులు నల్లగా మచ్చలు పడేవి. బియ్యం కడిగిన మొదటి నీళ్ళు దానికే. వడ్డన అయ్యాక అందరం తిని లేచేలోపు పెరట్లోకి వెళ్ళి చూసి వచ్చేది. ఆవిడ ముఖంలో ఆ తీరు సంతోషం నేను మరెందులోనూ చూడలేదు, నాకు వందకు వంద వచ్చినప్పుడు తప్ప.

సాలూరులో పిల్లల ఎత్తు కొలవడానికి దసరా ఒక్కటే రోజు. ఆయుధపూజకు లారీలు కడిగి, బంతిపూల దండలు వేసి, కుంకుమ బొట్లు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించాక, షెడ్డులో పనివాళ్ళ పిల్లలందరినీ ఒక లారీ ముందు వరుసగా నిలబెట్టేవారు. బంపర్ దాటినవాడికి ఒక లడ్డూ, బానెట్టు దాటినవాడికి రెండు. నాతో మొదలైనవాళ్ళు ఒక్కొక్కరే రెండు లడ్డూలవాళ్ళు అయిపోయారు. నేను ఏడాది తర్వాత ఏడాది ఒక్క లడ్డూ దగ్గరే ఉండిపోయాను. బడిలో ప్రార్థన వరుసలో మొదటిదాన్ని, ఫొటోలో కింద కూర్చునేదాన్ని. నవ్వుతూనే ఉండేదాన్ని గానీ దసరా రాకుండా ఉంటే బాగుండుననుకునేదాన్ని. నాకు పన్నెండేళ్ళు వచ్చేసరికి నాయనమ్మకు దిగులు పట్టుకుంది. సోదె చెప్పే ఆవిడను పిలిపించింది. ఆవిడ చేటలో బియ్యం చేత్తో కలుపుతూ కళ్ళు మూసుకుని, "మీ ఇంటో ఏదో కట్టేసి ఉన్నాది. అది ఇప్పితే గానీ గుంట ఎదగదు" అంది. గుంటంటే ఆడపిల్ల, అంటే నేనే.

నాయనమ్మ నోట్లోంచి చుట్ట తీసేసింది. అలా తియ్యడం నేను చూడడం అదే మొదటిసారి. లేచి వెళ్ళి పెరట్లో రాగి తీగలు చుట్టుకుని ఉన్న చెట్టు ముందు నిలబడింది.

"ఓలమ్మో! కళ్ళెదుటే ఉంటే నాకు అగుపడనేదు. ఒలే పైడీ, నీ సెట్టు కావాలా, నీ పిల్ల కావాలా?"

అమ్మ నావైపు చూసింది. నేను ఒక్క మాట అని ఉంటే చాలు, ఆ చెట్టు అక్కడే ఉండేది. నేనన్నది వేరే మాట. "తీసేయమ్మా" అన్నాను. ఇన్నేళ్ళకు కూడా రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ అన్నాను. నాకు బానెట్టు దాటాలని ఉంది.

అమ్మ ఆ పూటే కూర్చుని తీగలన్నీ విప్పేసింది. విప్పిన చోటల్లా బెరడు మీద చుట్లు చుట్లుగా గాడి మిగిలింది. నాన్న చెట్టును రిక్షాలో పెట్టుకుపోయి షెడ్డు వెనకాల నేలలో పాతాడు. పంక్చర్లు చూసే తొట్టి నీళ్ళు రోజూ పారే చోటు అది. అమ్మ దాని ఊసు మళ్ళీ ఎత్తలేదు. అయితే ఒక మార్పు వచ్చింది. అంతవరకు నాన్న మధ్యాహ్నం కేరేజీ షెడ్డుకు వెళ్ళే ఎవరో ఒకరి చేతికి ఇచ్చి పంపేది. ఆ తర్వాత ఎంత ఎండైనా తనే తీసుకెళ్ళేది. ఒంటిపూట బడి రోజుల్లో ఒకసారి నేనూ ఆ దారిన వచ్చాను. నాన్న షెడ్డు ముందు అన్నం తింటున్నాడు. అమ్మ వెనకాల చెట్టు దగ్గర ఒక్కతే నిలబడి ఉంది. ముట్టుకోవడం లేదు, వంచడం లేదు, చేతులు వెనక్కి కట్టుకుని చూస్తోందంతే. నేను కనబడకుండా ఇంటికి వచ్చేశాను.

రెండు దసరాలు గడిచాయి. నీళ్ళు తాగి, విచ్చలవిడిగా పెరిగి, ఆ వాక్కాయ నాన్న తలను దాటిపోయింది. చుట్టూ ముళ్ళ గుబురు. నేను రెండు వేళ్ళ మందం పెరిగాను. రెండో దసరాకు లారీ ముందు వరుసలో నిలబడితే నాకు అటూ ఇటూ నాకంటే వయసులో చిన్నవాళ్ళే ఉన్నారు. నాన్న లడ్డూల పళ్ళెం పట్టుకుని నా దగ్గరకు వచ్చి, బానెట్టు కాస్త కిందికి ఉన్న లారీ చూద్దామా అన్నట్టు పక్కకు చూశాడు. ఆయన అలా చూడడం నేను తట్టుకోలేకపోయాను. వరుసలోంచి బయటికి వచ్చేశాను. డ్రైవర్లు, క్లీనర్లు, వాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు, అందరూ ఉన్నారు. "నాన్నా, నాను ఇంక పెరగను. పెరిగినా ఇంతే. అమ్మ సెట్టు అమ్మకి తెచ్చిచ్చీ" అన్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాయనమ్మ వచ్చి నాకు ఎదురుగా నిలబడింది. నడినెత్తి నుంచి పాదాల దాకా చూసింది. తలతిప్పి షెడ్డు పక్కనుంచి కనబడుతున్న చెట్టు కొసనూ చూసింది.

"ఇప్పీసినాం. సెట్టు ఎదిగినాది, గుంట ఎదగనేదు" అంది నాన్నతో. "ఆ సోదెమ్మ మాట తప్పురా. ఆ మాట ఇనీసి నాను నా కోడలి సేతులు కట్టీసినాను. తవ్వండి."

ఎక్కాల్లో తప్పు పోనివ్వని మనిషి, తన తప్పు మాత్రం పోనిస్తుందా? పదిమందిలో ఒప్పుకుంది. ఎంతమంది అత్తగార్లు ఒప్పుకుంటారో నాకు తెలియదు. మా నాయనమ్మ ఒప్పుకుంది. ఆ సంగతి చెప్పుకునేటప్పుడు ఇప్పటికీ నా ఛాతీ పొంగుతుంది.

పండగ వెళ్ళిన మర్నాడు తవ్వకం. అక్కడొక చిక్కు వచ్చింది. వాక్కాయ ముల్లు జంటగా ఉంటుంది, లోపలికి చెయ్యి పెడితే బట్టనూ చర్మాన్నీ రెండింటినీ వదలదు. నాన్న గొడ్డలి తెచ్చి చుట్టూ నరుక్కుంటూ వస్తానన్నాడు. అమ్మ గొడ్డలి పిడి పట్టుకుని ఆపింది. "నాను వంచిన కొమ్మలు అడుగునే ఉన్నాయి మావ. నీడపడిపోయి బక్కసిక్కి ఉంటాయి. పైనుంచి నరుకుతే అవే ముందు పోతాయి" అంది. ఎవరు వంగినా మోకాళ్ళ మీద పాకినా వీపుకు ముళ్ళు దిగుతున్నాయి. గుబురు అడుగున నేలకూ ముళ్ళకూ మధ్య ఉన్న ఎడం చాలా తక్కువ. నేను జడ చుట్టచుట్టి గోనెసంచి కప్పుకుని బోర్లా పడుకున్నాను. నేను పట్టాను. ఆ షెడ్డులో అంతమంది ఉండగా, పట్టింది నేనొక్కదాన్నే.

లోపల చీకటిగా, చల్లగా ఉంది. చేతికి హాక్సా బ్లేడు ఇచ్చారు. ఏది కొత్తగా పెరిగిన కొమ్మో, ఏది అమ్మ వంచినదో ఎలా తెలుస్తుందని మొదట భయపడ్డాను. వేళ్ళతో తడిమితే తెలిసింది. అమ్మ కొమ్మల మీద తీగ గాళ్ళు ఉన్నాయి, చుట్లు చుట్లుగా. గాడి తగిలితే వదిలేశాను, నున్నగా తగిలితే కోశాను. బయటినుంచి అమ్మ గొంతు. "సిట్టీ, నాలుగుండాల. నాలుగూ ఉన్నాయా?" మూడే దొరికాయి. నాలుగోదాని కోసం మొదలు చుట్టూ తడుముకుంటూ వెనక్కి పాకాను. మట్టికి ఆనుకుని, రెండే రెండు ఆకులతో అదీ ఉంది. "నాలుగున్నాయమ్మా" అని అరిచాను. నేను బయటికి వచ్చేసరికి గౌను చిరిగి, చేతులనిండా పాలూ నెత్తురూ. నాన్న కోసిన గుబురు లాగేసి మోడును తవ్వి తీస్తుంటే, అమ్మ నన్ను ఒళ్ళోకి లాక్కుని ఒక్కొక్క ముల్లే తీస్తూ ఏడ్చింది. చెట్టు పోయిన రోజు ఏడవలేదు, వచ్చిన రోజు ఏడ్చింది.

ఇప్పుడు బోన్సాయ్ అంటే తరగతులు పెడుతున్నారు. కుండీలు ఫోనులో ఆర్డరు పెడితే గుమ్మానికి వస్తాయి, తీగలు సైజులవారీగా చుట్టలు దొరుకుతాయి. నాకేమీ కోపం లేదు, మంచిదే. పాత ఇళ్ళు పడగొట్టేచోట మందార మోడో గోరింట మోడో పారేస్తుంటే, అడిగి తెచ్చుకుని పెంచే పిల్లల్ని చూస్తే ముచ్చటేస్తుంది. నేర్పమని వచ్చినవాళ్ళకు నేర్పుతున్నాను కూడా. నాకు నచ్చనిది మరొకటుంది. ఆ రోజుల్లో ఏడాదికొకసారి బంపర్ దగ్గర కొలిస్తే సరిపోయేది. ఇప్పుడు నెలనెలా గోడకు అంటించిన కాగితం దగ్గర కొలుస్తున్నారు, పాలలో పొడులు కలుపుతున్నారు, పక్కింటి పిల్లాడితో పోల్చి డాక్టరు దగ్గరకు పరిగెడుతున్నారు. సోదె చెప్పేవాళ్ళు పోలేదు, వేషం మార్చారంతే. ఆ అమ్మాయికి అదే చెప్పాను. "నీ బిడ్డ ఎంత ఎత్తు పెరగాలో అంతే పెరుగుతుంది. నీకు ఇష్టమైన పని మాత్రం బిడ్డ పేరు చెప్పి ఎవరూ మాన్పించకుండా చూసుకో" అన్నాను. ఆమె భర్త తలాడించాడు. వాళ్ళ అత్తగారి సంగతి ఆ దేవుడికే తెలియాలి.

అమ్మ ఇప్పుడు లేదు. నాయనమ్మ ఎప్పుడో పోయింది. వాళ్ళిద్దరూ ఒక అరుగుమీద పక్కపక్కన కూర్చుని ఉండగా జరిగిన ఒక్క సంగతి రాసి ఆపుతాను. చెట్టు ఇంటికి తిరిగొచ్చి, మళ్ళీ చిగుర్లు వేసి, మొదటిసారి పూసిన ఎండాకాలం. కొత్తగా బదిలీ మీద వచ్చిన బ్యాంకు మేనేజరుగారు కారు బ్యాటరీ కోసం నాన్నను వెతుక్కుంటూ ఇంటికి వచ్చారు. ఆరడుగుల మనిషి. గుమ్మంలో వంగి లోపలికి చూసి, పెరట్లో చెట్టు కనబడగానే వచ్చిన పని మర్చిపోయారు. "ఇది బోన్సాయ్ కదండీ! ఇంత పాత మోడును ఎవరు చేశారిలా?" అన్నారు. ఆ మాట మేము వినడం అదే మొదలు. నాన్న అమ్మవైపు చూశాడు. నాయనమ్మ చుట్ట నోట్లోనే ఉంచుకుని గడ్డం ఎత్తి అమ్మనే చూపించింది. అందరం అమ్మ తన పేరే చెబుతుందనుకున్నాం. అమ్మ నాకేసి చెయ్యి చాపింది.

"దాందండి. ముళ్ళల్లో దూరి అదే తెచ్చుకున్నాది. ఎత్తున్నోలు ఎవులూ సెయ్యనేకపోనారు."

మేనేజరుగారు నావైపు తిరిగారు. నేను పుస్తకం పక్కన పెట్టి లేచి, ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. తల బాగా పైకెత్తాల్సి వచ్చింది. ఎత్తి, ఆయన కళ్ళలోకి సూటిగా చూసి, "అవునండి, నాదే" అన్నాను.